మూడు ముద్దుల ఓటు

స్కెల్‌బెక్
మార్చి 20

తమ్ముడు ట్రెవర్‌కు,

నువ్వు వెళ్ళి తొమ్మిది రోజులైంది. నేను బాగానే ఉన్నాను.

నువ్వున్న ఆఖరి మంగళవారం పొద్దున నాకు ఎందుకో అలా గుర్తుండిపోయింది. ఆ రోజు విశేషమేమీ జరగలేదు. ఆరున్నరకు లేచాను. బయట సన్నని వాన. కెటిల్ పెట్టి, కిటికీ దగ్గర అమ్మ కుర్చీలో కూర్చుని రోజూలాగే పది నిమిషాల మౌన ప్రార్థన మొదలుపెట్టాను. నాలుగో నిమిషంలో మెట్ల మీద నీ అడుగులు వినిపించాయి. చారల డ్రెస్సింగ్ గౌను, ఒక్క కాలికే మేజోడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుని పిల్లిలా నడిచావు. పిల్లులు కుర్చీలను తన్నుకోవు.

గుడ్లు ఉడకబెట్టావు. రేడియో పెట్టావు. చిన్నగానే పెట్టావు, ఒప్పుకుంటాను. అందులో ఎవరో మంత్రి, ఇవి కష్టకాలమనీ, అందరం సర్దుకుపోవాలనీ అన్నాడు. నువ్వు చెంచా ఎత్తి రేడియోకి చూపించావు. "ఎవరు బాబూ ఆ 'అందరం'? మీ ఇంట్లో ఎన్ని గదుల్లో హీటర్ కట్టేశావో అది చెప్పు ముందు!" అన్నావు. ఆయన చెప్పలేదు. గుడ్డు పెంకు ఒలిచేటప్పుడు రైళ్ళ సంగతి, ఉప్పు అందించేటప్పుడు నదుల్లోకి వదిలే మురుగు, టోస్టు మాడే వేళకు మోకాలి ఆపరేషన్ కోసం పద్నాలుగు నెలల క్యూ. "నువ్వేమంటావక్కా?" అని మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ నా తరఫున నువ్వే జవాబు చెప్పేశావు. ఉత్తరాలు తెచ్చిన షీనా గుమ్మంలో ఆగి, "ఏంటి, లోపల పార్లమెంటు నడుస్తోందా?" అంది. నువ్వు ఆమెను కూడా లోపలికి పిలిచి, పోస్టాఫీసు మూసివేతల గురించి ఆమెకే చెప్పావు. తడిసిన సంచీతో నిలబడి పాపం అంతా విన్నది.

నువ్వు రైలెక్కిన మర్నాడు అదే వేళకు అదే రేడియో పెట్టాను. అదే మంత్రి అనుకుంటాను. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. తన పాటికి తాను మాట్లాడుకుంటూ పోయాడు. కట్టేశాను.

మీకోసం మాట్లాడిన పక్కింటి తాళం చెవి నా దగ్గరికి వచ్చింది. జూన్ పదో తారీఖు శనివారం మీరు దిగవచ్చు. కర్టెన్లు వేశాను. అక్టోబరులో అమ్మను సాగనంపిన రోజు, నువ్వూ మాక్సీనూ కాపురం ఇక్కడికే మార్చేస్తామన్నప్పుడు మాటవరసకు అన్నారనుకున్నాను. ఇంకా పదకొండు ఆదివారాలు.

ఉత్తరమే రాయి. ఫోన్లో నా వంతు రాదు.

అక్క
జూడిత్


ఎల్డర్‌హర్స్ట్
ఏప్రిల్ 5

అక్కా, అక్కా, అక్కా,

ముందు కూర్చో. టీ కప్పు చేతిలో ఉంటే పక్కన పెట్టు. పెట్టావా? నీ తమ్ముడు ఎన్నికల్లో నిలబడ్డాడు!

ఈ ఊళ్ళో మన లేబర్ పార్టీ వాళ్ళం మొత్తం నలుగురమని నీకు చెప్పాను కదా. నేను, బెరిల్ టీచరు గారు, బేకరీ ఆయన, ఇంకా పోయినేడు చనిపోయినా జాబితాలోంచి పేరు కొట్టెయ్యని ఒక పెద్దాయన. మొన్న బెరిల్ గారు డెబ్భై నాలుగేళ్ళ వయసులో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, గుమ్మంలోనే, "ట్రెవర్, నాకొక పేరు కావాలి" అంది.

"పిల్లికా, కుక్కకా?" అన్నాను.

"బ్యాలెట్ కాగితానికి. రేపు సాయంత్రం నాలుగింటికి గడువు. మన పార్టీ పేరు లేని బ్యాలెట్ అంటే పాలు లేని టీ. నువ్వేం చెయ్యక్కర్లేదు. కాగితపు అభ్యర్థివి. పేరు కాగితం మీద ఉంటుంది, మనిషి ఇంట్లో ఉంటాడు."

"జూన్‌లో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నానండీ. ఓడిపోతానని రాసిస్తారా?"

"రక్తంతో రాసిస్తా. ఈ వార్డులో చెత్తడబ్బాకు కన్సర్వేటివ్ వాళ్ళ నీలం రంగు పూసి నిలబెట్టినా గెలుస్తుంది."

నిజమే. ఇక్కడ కన్సర్వేటివ్ వాళ్ళు తప్ప ఎవరూ గెలిచినట్టు బతికున్న వాళ్ళెవరికీ జ్ఞాపకం లేదు. వాళ్ళ అభ్యర్థి హంఫ్రీ డాల్బీ ఇరవై రెండేళ్ళుగా కౌన్సిలర్. మంచివాడే. ఒక కుక్క, ఒక పడవ. గెలుపు మీద ఎంత నమ్మకమంటే, ప్రచారం మానేసి ఫ్రాన్స్‌లో సెలవులు గడుపుతున్నాడు. బరిలో ఉన్నది మేమిద్దరమే. ఒకడు ఫ్రాన్స్‌లో, ఒకడు అట్టపెట్టెలు సర్దుకుంటూ!

సంతకం పెట్టేశాను. ముప్పై ఏళ్ళు ఈ వార్డులో ఓటేశాను అక్కా, ముప్పై ఏళ్ళూ అది ఉప్పు నీళ్ళలో కలిసినట్టు కలిసిపోయింది. ఒక్కసారి నాకు నేను ఓటేసుకుని పోతాను. ఈసారి ఓటుకు ఫోటో ఉన్న కార్డు కూడా చూపించాలట. ముసలివాళ్ళ బస్సు పాసు చెల్లుతుంది, కుర్రాళ్ళ బస్సు పాసు చెల్లదు! ఎవరు ఎవరికి ఓటేస్తారో లెక్కేసి పెట్టినట్టు లేదూ? దీని మీద నాలుగు పేజీలు రాశాను, మాక్సీన్ లాక్కుంది.

మాక్సీన్ ఏమందో తెలుసా? "గెలిస్తే నిన్ను ఇక్కడే ఒదిలేసి, సోఫా తీసుకుని వదిన దగ్గరికి పోతా."

నీ తమ్ముడు, కాగితపు పులి
ట్రెవర్ X X X

నువ్వు ఉత్తరం చివర ఒక్క ఇంటూ అయినా పెట్టవేం? ఒక ఇంటూ అంటే ఒక ముద్దు. ప్రభుత్వం దాని మీద ఇంకా పన్ను వెయ్యలేదు.


స్కెల్‌బెక్
ఏప్రిల్ 9, ఈస్టర్

ట్రెవర్‌కు,

నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను. పిల్లి లేచి వెళ్ళిపోయింది.

ప్రార్థనలో ఇవాళ ఏడుగురం. గంటసేపు ఎవరికీ మాట తోచలేదు. చిన్నప్పుడు నువ్వు అదే బల్ల మీద నలభై నిమిషాలు బిగబట్టి, చివరికి "మనం ఎందుకు మాట్లాడట్లేదు?" అని అరిచిన సంగతి మాలో పెద్దావిడ మార్గరెట్ బయటికొచ్చాక గుర్తు చేసింది. మౌనంగానే ప్రార్థించే క్వేకర్ కుటుంబంలో నువ్వెలా పుట్టావో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టదట.

ఒక్క అనుమానం మాత్రం వదలడం లేదు. ఓడిపోవడానికే నిలబడటం నిజాయితీ అవుతుందా? నువ్వు ఆటకు నిలబడ్డావు. నీకు ఓటేసేవాళ్ళు ఆటకు వెయ్యరు.

నీకు చెప్పేటంతదాన్ని కాదు. మాక్సీన్‌కు నా ప్రేమ. ఎనిమిది ఆదివారాలు.

జూడిత్


ఎల్డర్‌హర్స్ట్
ఏప్రిల్ 21

అక్కా,

కొద్దిలో నేరస్థుణ్ణి కాకుండా తప్పించుకున్నాను. కంగారు పడకు, విను.

ఫైర్ స్టేషన్ ఉద్యోగం వదిలిన దగ్గర్నుంచి ఈ వార్డులో పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పొగ అలారాలు చూసి వస్తుంటాను కదా. నూట నలభై ఇళ్ళు. ఊరొదిలి వెళ్తున్నాం, చివరిసారి అందరి బాటరీలూ మార్చి, వెళ్ళొస్తానని చెప్పి వద్దామనుకున్నాను. సోమవారం నిచ్చెన భుజానేసుకుని బయల్దేరాను. ఎన్నిక ఊసే ఎత్తలేదు, ఒట్టు. చొక్కాకు మన పార్టీ ఎర్ర రిబ్బను కూడా లేదు. ముప్పై ఇళ్ళు అయ్యేసరికి బెరిల్ గారు సైకిలూ తనూ కలిసి నా మీద పడ్డంత పని చేసింది.

"ఏం పంచుతున్నావ్ నువ్వు?"

"బాటరీలు."

"ఎవరికి?"

"ముసలివాళ్ళకి."

"వాళ్ళకి ఓట్లున్నాయా, లేవా?"

"ఉండే ఉంటాయి..."

"ఓరి నా తండ్రీ! అభ్యర్థి ఓటరు చేతిలో పెన్సిల్ ముక్క పెట్టినా లంచమే! నిన్ను కోర్టుకీడుస్తారు, పక్కన నన్నూ నిలబెడతారు!"

వాళ్ళు నాకు టీ ఇవ్వచ్చట, కేకు పెట్టచ్చట. నేను వాళ్ళకు బాటరీ ఇవ్వకూడదట. ఏం చెయ్యను? అలారాన్ని ఖాళీగా ఒదిలేసి రాలేను కదా, మంటలార్పిన చేతులివి. ముప్పై ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళి నా బాటరీలు వెనక్కి తీసుకుని, వాళ్ళ టీవీ రిమోట్లలో బాటరీలు పీకి అలారాల్లో వేశాను. మిగతా నూట పది ఇళ్ళలోనూ అదే పద్ధతి. ఇప్పుడు వార్డు వార్డంతా ప్రాణానికి ఢోకా లేదు, టీవీలో ఛానల్ మాత్రం మారదు. ఎక్కడిది అక్కడే. మిల్ లేన్‌లో ఒకావిడ నాలుగు రోజులుగా రాత్రీ పగలూ స్నూకర్ చూస్తోంది. "నేను ఎర్ర బంతుల పక్షం" అంది నాతో, గుసగుసగా.

ఇక మిసెస్ పెనింగ్టన్. ఎనభై ఎనిమిదేళ్ళు. నీలం తలుపు, నీలం తివాచీ, పంజరంలో నీలం చిలక. పుట్టినప్పటి నుంచీ కన్సర్వేటివ్. నన్ను చూడగానే, "రా రా, ఎర్రోడా, కాళ్ళు తుడుచుకుని రా. మీవాళ్ళు వస్తే నా చిలకను కూడా సర్కారు పరం చేస్తారట కదా?" అంది.

"అబ్బే, చిలకల్ని సహకార సంఘంలో పెడతామండీ. లాభాలు పంచుకుంటాయి."

ఎంత నవ్విందంటే బిస్కట్టు టీలో పడిపోయింది. తర్వాత, "అంత దూరం ఎందుకు పోవడం? ఆ కొండల్లో ఏముంది?" అని అడిగింది.

"మా అక్క ఉంది."

చెంచాతో బిస్కట్టు తీసుకుంది. "అయితే పోవాల్సిందే. నాకూ ఒక అన్న ఉండేవాడు," అంది.

అందరూ ఒకటే మాట అక్కా. "హంఫ్రీ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి తలుపు తట్టలేదు. నువ్వు వెళ్ళిపోతూ కూడా వచ్చావు." ఎంత మంచివాళ్ళో! బెరిల్ గారు మాత్రం ఈమధ్య నన్ను చూసి గోళ్ళు కొరుక్కుంటోంది, ఎందుకో చెప్పదు. ఎందుకైనా మంచిది, నువ్వు పైవాడికి ఒక మాట వేసి ఉంచు. నేను ఓడిపోయేలా చూడమను.

ట్రెవర్ X X X


స్కెల్‌బెక్
ఏప్రిల్ 26

ట్రెవర్‌కు,

నూట నలభై ఇళ్ళకు వెళ్ళావు. తలుపు తట్టావు. టీ తాగావు. వాళ్ళు చెప్పింది విన్నావు. మా ఊళ్ళో దీన్ని ప్రచారం అంటారు. బెరిల్ గారి గోళ్ళకు కారణం అదే అయి ఉంటుంది.

ఓడిపోయేలా ప్రార్థించమన్నావు. మేము అలా అడగం తమ్ముడూ. కూర్చుంటాం, వింటాం. ఏది సరైనదో అది జరగనీ అంటాం. అంతకు మించి నా నుంచి ఆశించకు.

చెల్లి జానిస్ ఆదివారం వచ్చి పక్కింట్లో నీ పడక గదికి లేత పసుపు రంగు వేసి వెళ్ళింది. "అన్నయ్య ఎర్ర రంగు అడుగుతాడు, ఇవ్వద్దు" అంది. పక్కింటి కిటికీలు పొద్దున తీసి సాయంత్రం వేస్తున్నాను. రెండిళ్ళ మధ్య కంచెలో ఒక మనిషి పట్టేంత సందు కొట్టించాను. వీధిలోంచి చుట్టూ తిరిగి రానక్కర్లేదు.

జూడిత్


ఎల్డర్‌హర్స్ట్
మే 6, కొత్త రాజు పట్టాభిషేకం రోజు

అక్కా,

పొద్దున ఎనిమిదైంది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు జెండాల తోరణాలు. నాకు రాజులంటే గిట్టదని నీకు తెలుసు. అయినా ఇవాళ వాటి కింద నడుస్తుంటే అందరూ నాకే చేతులూపుతున్నారు. ఎందుకంటే...

గెలిచానక్కా.

ఒక్క ఓటుతో. ఆ ఒక్క ఓటూ ఎలాంటిదో చెబితే నువ్వు నమ్మవు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నిన్న వ్యాయామశాలలో లెక్కింపు. బ్యాడ్మింటన్ గీతల మధ్య బల్లలు వేశారు. హంఫ్రీ ఫ్రాన్స్ ఎండకు కందిపోయి, కుక్కతో సహా వచ్చాడు. నేను పదింటికల్లా ఇంటికి వెళ్ళి వంటసామాను సర్దుదామనుకుని, జేబులో పాత పేపర్లు కుక్కుకుని మరీ వెళ్ళాను. కట్టలు పెరుగుతున్నాయి. వాళ్ళదొకటి, మాదొకటి. బెరిల్ గారు నా మోచెయ్యి పట్టుకుంది. ఇంకాసేపటికి గిల్లింది.

ఆయనకు ఆరువందల పన్నెండు. నాకు ఆరువందల పన్నెండు. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ అంతే. పక్కన ఒక్క కాగితం మిగిలింది. చెల్లుతుందో లేదో తేలనిది. ఎన్నికల అధికారి ఒక చిన్న అమ్మాయి, అల్లిన స్వెట్టరు, ముక్కు చివర కళ్ళద్దాలు. మమ్మల్ని దగ్గరికి పిలిచి చూపించింది. నా పేరుకు ఎదురుగా, గడిలో కొంతా గడి బయట కొంతా, పెన్సిల్‌తో వణికే అక్షరాలు.

వెళ్ళిరా ట్రెవర్ నాయనా X X X

ఓటుకూ ఇంటూయే, ముద్దుకూ ఇంటూయే! అక్కా, ఈ దేశం పుట్టినప్పటి నుంచి ఈ రెండూ ఒకే గుర్తు ఎందుకయ్యాయో, ఎవరికీ ఇన్నాళ్ళూ అడగాలని ఎందుకు తోచలేదో!

"ఇది ఓటు కాదు, వీడ్కోలు!" అని హంఫ్రీ తరఫు ఏజెంటు లేచాడు. "వెళ్ళిరా అంటే వద్దనే కదా అర్థం!"

"మూడున్నాయి," అంది బెరిల్ గారు. "మూడు ఓట్లుగా వేసుకోండి!"

ఆ అమ్మాయి ఒక లావుపాటి పుస్తకం తీసి పది నిమిషాలు చదివింది. ఎవరు వేశారో తెలిపే సంతకం లేదు గనుక కాగితం చెల్లుతుంది. ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే చాలు. మరి ఉద్దేశం స్పష్టమేనా? అందరం హంఫ్రీ వైపు చూశాం. ఆయన కాగితం మీదకు వంగి చాలాసేపు చూసి, నిట్టూర్చాడు.

"వేసెయ్యమ్మా ఆయనకే. ఇరవై రెండేళ్ళలో నాకు ఒక్కరు ఒక్కటి పెట్టలేదు. మా ఆవిడ కూడా పుట్టినరోజు కార్డు మీద పేరు రాసి ఊరుకుంటుంది. ఇంతకన్నా స్పష్టమైన ఉద్దేశం నేనెక్కడా చూళ్ళేదు."

ఆరువందల పదమూడు! బెరిల్ గారు వరసగా నలుగురిని ముద్దు పెట్టుకుంది. నాలుగోది హంఫ్రీ కుక్క. నన్ను మైకు ముందుకు తోశారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "క్షమించండి". అందరూ అది చమత్కారం అనుకుని చప్పట్లు కొట్టారు.

అలా ఈలలేసుకుంటూ ఇంటికొచ్చాను. హాల్లో అట్టపెట్టెలు. వాటి మీద మాక్సీన్ చేతిరాత: 'స్కెల్‌బెక్, వంటిల్లు.' 'స్కెల్‌బెక్, పడక గది.' ఈల ఆగిపోయింది. పదవీకాలం నాలుగేళ్ళు అక్కా.

పదవి ఇక్కడ ఉంచుకుని అక్కడికొచ్చి ఉండచ్చని బెరిల్ గారు అంటోంది. అలా వార్డులో కాపురం లేని కౌన్సిలర్లనే కదా నేను ఇన్నేళ్ళూ తిట్టింది? కంచెలో సందు కొట్టించానన్నావు. ఆ మాట రాత్రి నుంచి చెవిలో తిరుగుతోంది. నువ్వు రమ్మను చాలు, ఆ మర్నాడే రాజీనామా పడేస్తాను.

ట్రెవర్ X X X


స్కెల్‌బెక్
మే 9

ట్రెవర్‌కు,

సంతోషం. షీనా నీ కోసం గుమ్మంలోనే చప్పట్లు కొట్టింది.

రమ్మను అన్నావు. ఆ మాట నా చేత అనిపించకు.

ఆ కాగితం ఎవరిదో వెతకకు. అది వాళ్ళ రహస్యం. తమంతట తాము చెబితే మాత్రం విను.

జూడిత్


ఎల్డర్‌హర్స్ట్
మే 14

అక్కా,

నేను వెతకలేదు. చెప్పింది. ఎవరో నువ్వు ఈపాటికి ఊహించే ఉంటావు.

బుధవారం మిసెస్ పెనింగ్టన్ ఫోన్ చేసి అలారం కూస్తోందంది. పరుగెత్తాను. కూస్తోంది నిజమే. కావాలని టోస్టు మాడ్చి దాని కింద పట్టుకుని నిలబడింది.

"కూర్చో ఎర్రోడా. నా కార్డు అందిందా?"

"ఏ కార్డండీ?"

"వీడ్కోలు కార్డు. బళ్ళో ఇచ్చారే, పొడుగ్గా, నీ పేరు అచ్చేసి. పెన్సిల్ కూడా తాడుతో కట్టి పెట్టారు."

"అమ్మా! అది ఓటు!"

"ఓటని నాకు తెలీదా? నీకు జుట్టున్నప్పటి నుంచీ వేస్తున్నా. హంఫ్రీకి వేద్దామనే వెళ్ళాను. తీరా చూస్తే పైన నీ పేరు. వీడెలాగూ పోతున్నాడు, ముందు వీడికొక మాట రాద్దాం అనుకున్నా. రాశాను. మడిచి డబ్బాలో వేశాను. ఇంటికొచ్చి టీ పెట్టుకుంటుంటే హంఫ్రీ గుర్తొచ్చాడు."

నా పదవి ఒక మతిమరుపు మీద నిలబడి ఉంది! "అయితే రాజీనామా చేసేస్తానమ్మా, అదే న్యాయం," అన్నాను.

ఆవిడ చిలకకు గింజలు వేస్తూ, నా వైపు తిరక్కుండానే అంది. "చేస్తే చెయ్. కానీ ఒకటి విను. పోతే పోనీ అనుకునేవాళ్ళకు నేను ఒకటే పెడతాను. మా పళ్ళ డాక్టరు ఊరొదిలినప్పుడు ఒకటి పెట్టాను. నీకు మూడు పెట్టాను. ఎందుకో నువ్వే ఆలోచించుకో."

ఆలోచిస్తున్నాను. తేలడం లేదు. బేకరీకి వెళ్తే, "కౌన్సిలర్ గారూ, మా వీధి దీపం" అంటారు. ఇవాళ స్నూకర్ ఆవిడ ఆపి, బస్సు గంటకోటి కూడా రావడం లేదు, ఆసుపత్రికి ఎలా వెళ్ళను అంది. రాసుకున్నాను. రాసుకుంటుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెబితే నీకు కోపం రాదు కదా? ముప్పై ఏళ్ళు రేడియోతో పోట్లాడాను. ఇప్పుడు నేను మాట్లాడితే అవతల ఎవరో జవాబు చెప్పి తీరాలి! అంతలో నువ్వు గుర్తొస్తావు. పెన్ను జేబులో పెట్టేస్తాను.

మాక్సీన్ తమ్ముడి వ్యాను పదిహేడో తారీఖుకే దొరికింది. తనూ సోఫా ఆ రోజే వచ్చేస్తున్నాయి. నాకు ఇక్కడ కొత్త కౌన్సిలర్ల శిక్షణ. ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నామో లేదో ఈ నెలాఖరుకు చెప్పాలి. నువ్వూ, జానిస్, మాక్సీన్ కూర్చుని తేల్చండి. మన ఇంటి పద్ధతిలోనే, మౌనంగా. నేను లేకపోతేనే ఆ మౌనం కుదురుతుంది. మీరేమంటే అది.

ట్రెవర్ X X X


స్కెల్‌బెక్
మే 20, శనివారం

ప్రియమైన ట్రెవర్,

సాయంత్రం ఆరింటికి కూర్చున్నాం. చేతులెత్తడాలు లేవు. ఎవరికి మాట తోస్తే వాళ్ళు చెప్పడం, ముగ్గురికీ ఒకటే తోచేదాకా లేవకపోవడం. నీ సోఫా మీదే కూర్చున్నాం. పక్కింటి గుమ్మం పట్టక అది నా ముందు గదిలోనే ఆగిపోయింది.

మూడో నిమిషంలో మాక్సీన్ కడుపు చప్పుడు చేసింది. జానిస్ పెదవి కొరుక్కుంది. మాక్సీన్ ఆపుకోలేకపోయింది. మళ్ళీ మొదటి నుంచి కూర్చున్నాం. రెండోసారి తప్పు నాది. హంఫ్రీ కుక్క గుర్తొచ్చింది.

ముందు జానిస్ మాట్లాడింది. "అన్నయ్య మాటిచ్చాడు. అక్క ఏడు నెలలుగా ఒక్కతే ఉంది. రావాలి," అంది.

చాలాసేపటికి మాక్సీన్. "వదినా, ఆయన వచ్చేస్తే ప్రతి పూటా ఆ కౌన్సిల్ గురించే మాట్లాడతాడు. వెళ్తున్న కౌన్సిల్ గురించి నాలుగేళ్ళు వినగలను. వదులుకున్న కౌన్సిల్ గురించి నాలుగేళ్ళు వినడం నా వల్ల కాదు." ఆ తర్వాత ఆమె నవ్వలేదు. "ముప్పై ఏళ్ళలో ఆయన్ని ఇంత సంతోషంగా చూడలేదు," అంది.

తర్వాత నేను.

నీకు ఒకటి ఒప్పుకోవాలి. ఏప్రిల్లో నీకు పెద్దరికంగా రాశాను కానీ, నువ్వు ఓడిపోవాలని నేను అడిగాను. పేరు పెట్టి, వార్డు పేరు కూడా చెప్పి అడిగాను. యాభై తొమ్మిదేళ్ళలో అలా అడగడం అదే మొదటిసారి. లెక్కింపు రోజు కూడా అడిగాను. నాకు వచ్చిన జవాబు నీకు తెలుసు.

నువ్వు ఇంటికి రావాలని నాకు ఉంది. ఇన్ని ఉత్తరాల్లో ఆ మాట రాయలేదు, తాళం చెవులూ కర్టెన్లూ రాశాను. ఇప్పుడు రాసేశాను కనుక తేలిగ్గా ఉంది. కానీ అది నా కోరిక. నువ్వు ఉండాలన్నది ఆరువందల పదమూడు మంది కోరిక. ఆ పెద్దావిడది మతిమరుపని అనుకోకు. వెళ్ళవద్దని చెప్పలేనివాళ్ళు వెళ్ళిరా అనే రాస్తారు. నాకు ఆ భాష తెలుసు.

ఇదంతా వాళ్ళిద్దరికీ చెప్పాను. అప్పుడు నాకొక సంగతి తోచింది. మార్చి నుంచి నువ్వు ఎక్కే రైలు కోసం చూస్తున్నాను. ఆ రైలు అటు కూడా వెళ్తుంది. లైబ్రరీ పని మానేసి ఏడాది దాటింది, నన్ను ఇక్కడ పట్టి ఉంచేది ఏమీ లేదు. ఆ మాట బయటికి అనగానే జానిస్ ఏడ్చింది, మాక్సీన్ నన్ను ఎత్తినంత పని చేసింది. మౌనం అక్కడితో పూర్తిగా పోయింది.

ఏం నిర్ణయించామో, కూర్చున్న చోటే జానిస్ రాసి చదివింది. అది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"ట్రెవర్ రాజీనామా చెయ్యకూడదు. నాలుగేళ్ళూ ఆ వార్డులోనే కాపురం ఉండి పని చెయ్యాలి. ముందు బస్సు సంగతి చూడాలి. అక్కడి ఇల్లు ఖాళీ చెయ్యడం లేదని ఈ సోమవారమే చెప్పాలి. పక్కింట్లో జానిస్ కూతురు టిల్లీ, ఆమె భర్త దిగుతారు. ఈ ఊళ్ళో ఇళ్ళన్నీ సెలవులకొచ్చేవాళ్ళ పాలై, వాళ్ళకు రెండేళ్ళుగా చోటు దొరకలేదు. సోఫా వాళ్ళది. గుమ్మం సంగతి వాళ్ళే చూసుకోవాలి. పిల్లిని కూడా వాళ్ళే చూడాలి. జూన్ పది శనివారం జూడిత్, మాక్సీన్ కలిసి దక్షిణాన ట్రెవర్ దగ్గరికి బయల్దేరతారు. జూడిత్ సెప్టెంబరు దాకా అక్కడ ఉంటుంది, ఆ తర్వాతి సంగతి అప్పుడు మళ్ళీ కూర్చుని చూస్తాం. కౌన్సిల్ సమావేశాలకు ఆమె కూడా వెళ్ళి పైన గ్యాలరీలో కూర్చోవచ్చు. అక్కడ మాట్లాడితే బయటికి పంపుతారట, ఆమె విషయంలో ఆ భయం లేదు. ఇవన్నీ ముగ్గురికీ ఒకేలా తోచాయి. ఓట్లు లెక్కపెట్టలేదు."

అక్క
జూడిత్